పద్నాలుగో సూచన

టికెట్టుతో పాటు ఊరికే ఒక కాగితం చేతిలో పెడితే మనిషి ఏం చేస్తాడో బిళ్ళలమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎండగా ఉంటే విసురుకుంటాడు. చినుకు పడితే నెత్తిన పెట్టుకుంటాడు. అరుగు దుమ్ముగా ఉంటే కింద పరుచుకుని కూర్చుంటాడు. పిల్ల ముక్కు కారుతుంటే దాంతోనే తుడుస్తాడు. చదవడం ఒక్కటే చెయ్యడు. ఇరవయ్యారేళ్ళుగా చూస్తున్నది కాబట్టి, సోమవారం పొద్దున 'సందర్శకులకు ఇరవై సూచనలు' అన్న కాగితాల కట్టలు బండిమీద వచ్చి తన గదిలో దిగినప్పుడు ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు. కట్టలు పెట్టుకోవడానికి అరలున్న గది ఆ ప్రాంగణంలో ఆవిడదొక్కటే. గురువారం నించి టికెట్ల కిటికీకి పూటకొక కట్ట అందించడం కూడా ఆవిడ పనే అన్నారు. సరేనంది.

ఆవిడది సామాన్ల గది. ఎప్పటి రాజో కట్టించిన ఆ రాతి మేడను చూడడానికి సముద్రాలు దాటి జనం వస్తారు. లోపల పైకెక్కే మెట్లదారి ఒక మనిషి పట్టేంతే. ఇటూ అటూ గోడలనిండా చెక్కిన బొమ్మలు. వీపుకు సంచి తగిలించుకుని ఎక్కితే బొమ్మల ముక్కులు రాలతాయి. అందుకని సంచులన్నీ ద్వారం పక్కనున్న ఈ గదిలో ఇచ్చి వెళ్ళాలి. గోడకు ఎనభై మేకులు, ఒక్కో మేకుకు ఒకే నంబరున్న రెండేసి ఇత్తడి బిళ్ళలు. సంచి పుచ్చుకుని, మనిషి ఎదుటే జిప్పు పూర్తిగా లాగి, ఒక బిళ్ళ సంచి చెవికి కట్టి, రెండోది చేతిలో పెట్టేది. పది గంటలకల్లా మేకులన్నీ బోసిపోయేవి. అవి బోసిపోతే ఆవిడకు కడుపు నిండినట్టుండేది.

లోపలికెళ్ళినవాళ్ళు అరగంటలో బయటికొచ్చేసేవారు. "ఇంతేనా? రాళ్ళేగా!" అనేవారు. ఈ రాళ్ళకోసం విమానమెక్కి వచ్చినవాళ్ళే. ఏనుగుబొమ్మ ముందు నిలబడి తమ ఫోటో తాము తీసుకుని, ఏనుగును చూడకుండానే వెళ్ళిపోయేవారు. బిళ్ళలమ్మ మాత్రం, "మీ గొడుగు మరిచిపోతున్నారు బాబూ" అనేది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆవిడ ఒక కాగితం తీసుకుంది. చదివింది అయిదో తరగతే. కానీ అచ్చుపడ్డ అక్షరం కంటబడితే చివరిదాకా చదవకుండా వదిలే అలవాటు లేదు. వరస కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ మొదలుపెట్టింది. నీళ్ళు వెంట ఉంచుకోండి. టోపీ పెట్టుకోండి. మెత్తటి చెప్పులు వేసుకోండి. బాగానే ఉంది. ఆరోది తన గది గురించే: 'సంచులు లోపలికి తీసుకువెళ్ళవద్దు. ద్వారం పక్క గదిలో ఇచ్చి బిళ్ళ తీసుకోండి.' గేటు దగ్గర పన్నెండేళ్ళుగా తుప్పుపడుతున్న బోర్డు మీద మాటే. పదకొండో దగ్గర వేలు ఆగింది. 'ఒంటె ఎక్కేముందే దిగడానికి ఎంతో కూడా మాట్లాడుకోండి. లేకపోతే యజమాని మిమ్మల్ని దింపడు.'

ఆవిడ పక్క కిటికీలోకి తల పెట్టింది. "తమ్ముడూ, మన దగ్గర ఒంటెలెక్కడున్నాయి?"

టికెట్లబ్బాయి నలభైయేళ్ళవాడు. అయినా అందరికీ టికెట్లబ్బాయే. కాగితం చూసి పడీపడీ నవ్వాడు. "ఇస్త్రీ సారు పనే ఇది అక్కా! ఏ దేశానిదో పుస్తకం దొరికుంటుంది, పొల్లు పోకుండా దింపేశాడు. పరీక్షలో పక్కవాణ్ణి చూసి రాస్తూ పక్కవాడి నంబరు కూడా రాసేసే రకం. పదిహేడోది చూడు, ఇసకగాలి లేస్తే మొహానికి గుడ్డ చుట్టుకోవాలట. మనకి ఇసక ఇల్లు కట్టేటప్పుడు కూడా దొరకదు."

ఆవిడా నవ్వింది. నవ్వుతూనే కిందికి చదివింది. పద్నాలుగు దగ్గర నవ్వు పోయింది.

'సామాన్ల గదులలో విలువైన వస్తువులు ఉంచవద్దు. అక్కడి సిబ్బంది చేతివాటం గురించి తరచుగా ఫిర్యాదులు అందుతున్నాయి.'

మళ్ళీ చదివింది. మూడోసారి వేలు తీసేసి చదివింది. అక్షరాలు మారలేదు.

"వదిలెయ్యక్కా. ఎవడు చదువుతాడు?" అన్నాడు టికెట్లబ్బాయి.

"నేను చదివాను కదా" అంది.

*

ఇస్త్రీ సారు అంటే సందర్శకుల సౌకర్యాల అధికారి. చొక్కా మడత నలుగుతుందని కుర్చీలో వెనక్కి వాలడు. ఎంతసేపైనా కర్ర మింగినట్టు నిటారుగా కూర్చుంటాడు. బిళ్ళలమ్మ మంగళవారం పొద్దున్నే ఆయన బల్ల ముందు నిలబడింది. చేతిలో కాగితం, చంకలో ఫిర్యాదుల పుస్తకం.

"పద్నాలుగోది సార్."

"ఏం పద్నాలుగు?"

ఆవిడ చదివి వినిపించింది.

"ఓ, అదా! నీ గురించి కాదమ్మా. మామూలుగా అన్ని చోట్లా రాసే మాట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటావేం?"

"ఇక్కడ గది ఒక్కటే సార్. భుజాలు కూడా ఒక్క జతే ఉన్నాయి."

ఆయన తలెత్తి చూశాడు. ఆవిడ ఫిర్యాదుల పుస్తకం బల్లమీద తెరిచిపెట్టింది. ఇరవయ్యారేళ్ళలో రెండే ఫిర్యాదులు. ఒకాయన తన సంచిలో తాను మరిచిన పళ్ళు కుళ్ళి వాసన కొట్టాయని రాశాడు. ఇంకొకావిడ, జిప్పు సరిగా వేసుకోమని అందరిముందూ చెప్పి పరువు తీసిందని రాసింది. ఆయన పుస్తకాన్ని వేలితో పక్కకు జరిపాడు. దుమ్ము అంటిందేమోనని వేలు చూసుకున్నాడు.

"పదివేల కాగితాలు అచ్చయ్యాయి. ఒక్క మాటకోసం మళ్ళీ వేయించమంటావా?"

"ఒక్క మాట కాదు సార్. ఆ పదకొండోది కూడా ఒకసారి చూసుకుంటే..."

"చూడమ్మా" అన్నాడాయన, గొంతులో తేనె రాసుకుని. "సూచనలిచ్చేది మేము. నువ్వు సంచులు చూసుకో."

ఆవిడ కదల్లేదు. నమస్కారం పెట్టినట్టు రెండు చేతులూ ముందు కలిపి అలాగే నిలబడింది. ఫోను మోగింది, ఆయన మాట్లాడాడు, పెట్టేశాడు. ఆవిడ ఉంది. ఇద్దరు వచ్చి సంతకాలు పెట్టించుకు వెళ్ళారు. ఆవిడ ఉంది. చివరికి ఆయన సొరుగులోంచి నల్లసిరా కలం ఒకటి తీసి బల్ల అంచుకు తోశాడు.

"కట్టలన్నీ నీ దగ్గరే ఉన్నాయిగా. ఏది నచ్చకపోతే అది నువ్వే కొట్టేసుకో. నన్ను మాత్రం వదిలెయ్యి తల్లీ."

కలం పుచ్చుకుని బయటికొస్తుంటే వెనకనించి వినబడింది, "పన్నెండు దాటాక నా క్యారేజీ పంపించు" అని. ఆయన గదిలో చీమలు. అందుకని రోజూ అన్నం క్యారేజీ బిళ్ళలమ్మ అరలోనే పెట్టి వెళతాడు. బిళ్ళ కూడా తీసుకోడు. అంత నమ్మకం.

ఆ రోజూ మర్నాడూ ఆవిడ కాగితాలు కొట్టింది. ఇంటినించి మొగుడి టైలరు స్కేలు తెచ్చుకుంది. పద్నాలుగో వరస మీద స్కేలు ఆనించి, కలాన్ని మూడుసార్లు అటూ ఇటూ నడిపి, ఆరేదాకా ఊది, పక్కన పెట్టేది. మధ్యలో ఎవరైనా సంచితో వస్తే కలానికి మూత పెట్టి లేచేది. గీత ఎక్కడా వంకర పోలేదు. బుధవారం సాయంత్రానికి కిటికీకి పంపాల్సిన రెండు కట్టలూ శుభ్రంగా తయారయ్యాయి. వాటిని చూసుకుంటే మనసు తేలికపడింది. పేరుకంటిన మసి తన చేత్తో తానే కడుక్కున్నట్టు అనిపించింది.

*

గురువారం తొమ్మిదింటికి బస్సులోంచి దిగిన మొదటి పెద్దమనిషి కాగితం పుచ్చుకుని విసురుకోబోయాడు. చెయ్యి మధ్యలో ఆగింది.

"ఇదేమిటి, ఇక్కడ నల్లగా కొట్టేశారు?"

భార్య వంగి చూసింది. ఇద్దరూ కాగితాన్ని ఎండకెత్తి పట్టుకున్నారు. ఒక కన్ను మూసుకుని ఆయన చదివాడు. సిరా ఎంత నల్లగా ఉన్నా అచ్చు అంతకన్న నల్లగా ఉంది. "సామాన్ల... గదులలో... చేతి... చేతివాటం! ఏమేవ్, నీ సంచి ఇటు తే!"

అంతే. బస్సు బస్సంతా చేతులెత్తి ఆకాశంలోకి చూడడం మొదలుపెట్టింది, గ్రహణం పట్టినట్టు. మిగతా పంతొమ్మిది వరసలూ పట్టపగలు విప్పారి ఉన్నాయి. వాటివైపు ఒక్క కన్ను తిరగలేదు. నీళ్ళు తెచ్చుకోమన్నది చదవనివాళ్ళు, గోడలమీద పేర్లు చెక్కొద్దన్నది చదవనివాళ్ళు, గీత కింద నలిగిన రెండు వాక్యాలనూ కూడబలుక్కుని మరీ చదివారు. సంచులు గుండెలకు హత్తుకున్నారు.

బిళ్ళలమ్మ కిటికీ దాటి ముందుకు వంగింది. "ఇక్కడ అలాంటిదేం లేదమ్మా, ఇరవయ్యారేళ్ళుగా గుండుసూది కూడా..."

నల్లకళ్ళజోడు పెట్టుకున్నావిడ పక్కావిడతో గట్టిగానే అంది: "నిప్పు లేందే పొగ రాదు. అబద్ధమైతే కొట్టెయ్యడం దేనికి? నిజం కాబట్టే కొట్టేశారు."

పది గంటలకు గోడకు నలభై మేకులు నిండుగానే ఉన్నాయి. శుక్రవారం అరవై. గాలికి బిళ్ళలు ఒకదానికొకటి తగిలి గలగలమంటుంటే, ఎవరో తనను చూసి నవ్వుతున్నట్టుంది. లోపల మెట్లమీద ఒకాయన వీపు సంచితో సహా నత్తలా ఇరుక్కుపోయాడట. వెనకనించి నలుగురు తోసి బయటికి తీశారు. ఏనుగుబొమ్మ చెవి అంచు రాలి మెట్లమీద పడింది. టికెట్లబ్బాయి ఆ ముక్క జేబు రుమాల్లో పెట్టి తెచ్చి చూపించాడు. గోరంత రాయి. ఎన్ని వందల ఏళ్ళు నిలబడిందో!

శుక్రవారం మధ్యాహ్నం ఇస్త్రీ సారు తనే వచ్చాడు, క్యారేజీ కోసం. గోడవైపు చూశాడు.

"బిళ్ళలన్నీ మేకులకే ఉన్నాయే! మరి ఈ గది దేనికి? జ్ఞాపికల కొట్టు పెడతామని ఒకాయన తిరుగుతున్నాడు. నెలాఖరుకు మూసేద్దాం. నిన్ను ఊడ్చే పనికి సర్దుతాలే."

"గీత వల్ల సార్. జనం దాన్నే..."

"కొట్టేస్తానని మూడుగంటలు నిలబడ్డది నువ్వేగా? కొట్టెయ్యనిచ్చాను. ఇప్పుడు అదీ నా తప్పేనా?" క్యారేజీ మూత సరిగా ఉందో లేదో చూసుకుని వెళ్ళిపోయాడు.

*

ఇంటిదగ్గర ఆవిడ మొగుడు మిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటుకు మోకాలి దగ్గర మాసిక వేస్తున్నాడు. ఆవిడ చెప్పిందంతా తల తిప్పకుండా విన్నాడు. దారం పళ్ళతో కొరికి, ప్యాంటు ఎత్తి చూపించాడు.

"ఎలా ఉంది?"

"మాసిక కనబడుతోంది."

"మాసికన్నాక కనబడుతుంది. చిరుగు పెసరగింజంత. వీధిలో ఎవడికీ కనబడలేదు. ఈ మహానుభావుడి కంటికే ఆనింది. 'నా పరువు పోతోంది, మాసిక వెయ్యి' అని ఒకటే గోల. వేశాను. రేపట్నించి ఊరంతా ఆయన మోకాలే చూస్తుంది."

"నన్నంటున్నారా?"

"ప్యాంటునంటున్నాను. నీమీదికొస్తే అది నీ ఇష్టం."

ఆవిడ మూతి తిప్పుకుని గిన్నెలు సర్దడానికి లేచింది. రెండడుగులు వేసి ఆగింది. "మీరే అయితే ఏం చేసేవారు?"

"ఊరుకునేవాణ్ణి. ఊరుకోలేకపోతే, ఆ చిరుగు జోలికి పోకుండా, రెండోపక్క తొడమీద ఒక జేబు కుట్టి ఎర్రదారం వేసేవాణ్ణి. చూసేవాడి కళ్ళు ఎర్రదారం మీదికి పోతాయి. మనిషి కన్ను ఎటు లాగితే అటు పోయే గొర్రెపిల్ల. నలభైయేళ్ళుగా చూస్తున్నాను."

ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున స్నానం చేసి దేవుడి పటం ముందు కళ్ళు మూసుకుంది. రోజూ అడిగేది ఒకటే, ఎవరి వస్తువూ పోకుండా చూడు తండ్రీ అని. ఆ రోజు ఇంకొకటి కూడా అడిగింది. ఉన్న మాటను దాచినట్టు నటించి చూపించడం అబద్ధం అవుతుందా? మంచి మాటను వెలుగులో పెడితే చూడరు, మసి పూస్తే చూస్తారు. అలాంటప్పుడు మసి పూయడం పాపమా? దేవుడు ఏమీ చెప్పలేదు. వద్దని కూడా అనలేదు.

*

శనివారం ఆవిడ పద్నాలుగో వరసను ముట్టుకోలేదు. కొత్త కట్ట విప్పి, ఆరో వరస మీద స్కేలు ఆనించింది. మూడుసార్లు కాదు, రెండుసార్లే నడిపింది. ఎంత వెతుక్కోవాలో అంతే వెతుక్కోవాలి. ఎక్కువ కష్టపెడితే ఓపిక ఉండదు ఈ జనానికి. నిన్నటి కట్టలో మిగిలిన కాగితాలు వెనక్కి తీసుకుని కొత్తవి కిటికీలో పెట్టింది.

టికెట్లబ్బాయి చూసి నోరు తెరిచాడు. "మన గురించి ఉన్న ఒక్క మంచిమాటా కొట్టేశావా? మతిగాని పోయిందా అక్కా?"

"నువ్వు టికెట్లు చింపు తమ్ముడూ. చింపుతూ చూస్తూ ఉండు."

మొదటి బస్సు వచ్చింది. కాగితాలు ఎండకు లేచాయి. ఒక్కో కన్ను మూతపడింది.

"సంచులు లోపలికి తీసుకెళ్ళకూడదట!"

"ఏదో గది ఉందట, బిళ్ళ ఇస్తారట. మనకు తెలియకుండా కొట్టేశారు!"

"చూశారా వీళ్ళ తెలివి? ఉన్న సౌకర్యం దాచిపెట్టి మనచేత మోయిస్తున్నారు. ఎక్కడా గది?"

యుద్ధానికి వచ్చినట్టు వచ్చి కిటికీ ముందు నిలబడ్డారు. "ఏమ్మా, ఇక్కడ సంచులు పెట్టుకోనివ్వాలిగా? మాకంతా తెలుసు!" అని ఒకాయన వేలు చూపించి మరీ తన సంచి బల్లమీద పడేశాడు. బిళ్ళలమ్మ తప్పుచేసి దొరికిపోయినదానిలా తల దించుకుంది. "తెలిసిపోయిందా బాబూ" అంది. జిప్పు చివరిదాకా లాగి, బిళ్ళ చేతిలో పెట్టింది. ఆయన మహా విజయగర్వంతో మెట్లెక్కాడు. పదిన్నరకు గోడ బోసిపోయింది. పద్నాలుగో సూచన ఏ గీతా లేకుండా, ఏ దిక్కూ లేకుండా కాగితంలో పడి ఉంది. దానిమీద ఇద్దరు పిల్లల ముక్కులు కూడా తుడిచారు.

ఆదివారం బిళ్ళలు చాలక తొమ్మిది సంచులకు గుడ్డపేలికల మీద నంబర్లు రాసి కట్టింది.

*

సోమవారం ఇస్త్రీ సారు పరుగులాంటి నడకతో వచ్చాడు. పై ఆఫీసులో పనిచేసే తోడల్లుడు ఫోను చేశాడట. ఎవరో ఒంటెల సంగతి చూసి నవ్వుకుంటున్నారట. పెద్దాఫీసరు రేపు తనిఖీకి వస్తున్నాడు. ఎవరికీ చెప్పకుండా టికెట్టు కొనుక్కుని మామూలు మనిషిలా తిరిగి చూడడం ఆయన అలవాటట.

"పదకొండోది కొట్టెయ్యి. రేపు పొద్దుటికల్లా కిటికీలో ఉండే ప్రతి కాగితం మీదా."

బిళ్ళలమ్మ లేచి నిలబడింది. ఇరవయ్యారేళ్ళ ఉప్పు. చెప్పాలి.

"సార్, ఒక్క మాట చెప్పనా? గీత కొడితే..."

"మళ్ళీ మొదలుపెట్టకు! నీ సలహాలు వినే ఓపిక లేదు నాకు. చెప్పింది చెయ్యి."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. చొక్కా కాలరు కత్తిలా నిలబడి ఉంది. ఆయన వెనక గోడకు ఎనభై బోసి మేకులు. వాటిని చూడలేదాయన.

"గట్టిగా కొట్టు. నల్లగా. తెలిసిందా?"

"అలాగే సార్. స్కేలు పెట్టి కొడతాను."

అలాగే కొట్టింది. చెప్పినదానికన్న బాగా కొట్టింది. ఆరో వరస మీద రెండుసార్లు, పదకొండో వరస మీద నాలుగుసార్లు. ఏ ఒక్క గీతా వంకర పోలేదు.

మంగళవారం పది గంటలకు, చేతిసంచితో ఒక బక్కపలచటి మనిషి వరసలో నిలబడి టికెట్టు కొన్నాడు. ఎవరో ఏమిటో ఇస్త్రీ సారు మొహం చూస్తే తెలిసిపోయింది. నాలుగడుగుల వెనక, ఎదురుపడాలో వద్దో తేలక, పిల్లిలా నడుస్తున్నాడు. పెద్దాఫీసరు కాగితం పుచ్చుకున్నాడు. శీర్షిక చూడలేదు. మొదటి సూచన చూడలేదు. చదువుకున్నవాడు కదా, ఈయనైనా వరసగా చదువుతాడేమోనని బిళ్ళలమ్మ ఒక్క క్షణం ఆశపడింది. ఆయన నల్లగీతలు చూశాడు. కాగితం ఎండకెత్తి ఒక కన్ను మూసుకున్నాడు.

ఆరోది చదివి, కిటికీ దగ్గరికొచ్చి సంచి బల్లమీద పెట్టాడు. కాగితం దించలేదు. పెదాలు కదులుతున్నాయి. నాలుగు గీతల కింద కాస్త కష్టపడ్డాడు గానీ వదల్లేదు.

"ఏమ్మా" అన్నాడు. "ఇక్కడ ఒంటెల్ని ఎక్కడ కట్టేస్తారు?"

ఇస్త్రీ సారు చొక్కా వీపుకు అంటుకుపోయి, మడతలు పడి, తడిసిన కాగితంలా ఉంది.

"నాకు సంచుల సంగతే తెలుసు బాబూ" అంది బిళ్ళలమ్మ. "సూచనలిచ్చేది వారు. అదిగో, మీ వెనకే ఉన్నారు."

పెద్దాఫీసరు వెనక్కి తిరిగాడు. ఆవిడ ఆయన సంచి దగ్గరికి లాక్కుని, జిప్పు సగం తెరిచి ఉంటే చివరిదాకా లాగింది. గోడమీద మిగిలిన ఒకే ఒక్క జత బిళ్ళలు తీసి, ఒకటి సంచి చెవికి కట్టింది. రెండోది ఆయన ఇటు తిరిగేదాకా అరచేతిలో పట్టుకుని నిలబడింది. తొందరేమీ లేదు.